తొమ్మిదో కట్టు

నర్సుగా ముప్ఫై నాలుగేళ్ళ రెండు నెలలు పనిచేశాను. అందులో చివరి పదకొండేళ్ళు సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రిలో, కాలిన గాయాలకు కట్లు కట్టే గది నా చేతికింద ఉండేది. ఆసుపత్రి రిజిస్టరు కాక నాకొక సొంత డైరీ ఉండేది. ఏ కట్టు ఎన్ని గంటలకు మొదలైంది, ఎన్నింటికి ముగిసింది, నొప్పి పదికి ఎంత అని రోగి చెప్పారు, ఈ మూడూ అందులో రాసుకునేదాన్ని. రాయమని ఎవరూ అడగలేదు. పేర్లు అందులోనూ లేవు, ఇక్కడా ఉండవు. తేదీలు రాస్తే ఎవరైనా పోల్చుకుంటారేమోనని అవీ వదిలేస్తున్నాను. వారాలూ నిమిషాలూ మాత్రం వదలలేను. అవి లేకుండా నాకు రాయడం చేతకాదు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీకు ఇప్పుడు క్లాసుల్లోనే హిప్నాటిజంతో నొప్పి తగ్గించడం గురించి చెబుతున్నారని విన్నాను. మంచిదే. అది పనిచేస్తుంది. నేను కళ్ళతో చూశాను, గడియారంతో కొలిచాను. పనిచేస్తుంది కాబట్టే ఈ సంగతి రాస్తున్నాను. పనిచెయ్యని మందు పొరపాటున ఇస్తే పెద్దగా ఏమీ కాదు.

దాన్ని మా దగ్గరికి తెచ్చింది మత్తు డాక్టరు గారు. నాకన్నా పన్నెండేళ్ళు చిన్న. పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. రోజూ బేగంపేట నుంచి స్కూటరు మీద వచ్చేవారు. ఎక్కడో రెండు వారాలు శిక్షణ తీసుకుని వచ్చి, కట్ల గదిలో స్టూలు వేసుకుని కూర్చుని రోగులతో మాట్లాడటం మొదలుపెట్టారు. మా వాళ్ళు దానికి మాటల మత్తు అని పేరు పెట్టారు. గదిలో పనిచేసే ఆయమ్మ అయితే మొహం మీదే అనేది.

"సారు మాట్లాడుతాంటె పేషెంటుకేమొ గని, నాకు మస్తు నిద్రొస్తది."

"నువ్వు జెర బకెట్ పట్టుకోని నిద్రపో. కింద పడెయ్యకు," అనేవారాయన.

నేను నమ్మలేదు. నమ్మకపోయినా కొలిచాను. మొదటి ఆరుగురిలో నలుగురికి నొప్పి అంకె తగ్గింది. ఒకామెకు ఏమీ కాలేదు. మిగిలిన ఒకాయన మధ్యలో కళ్ళు తెరిచి, ఎడమ చేత్తో ఫోను తీసి, తన షాపులో కుర్రవాడితో మాట్లాడి, మళ్ళీ కళ్ళు మూసుకుని "ఇప్పుడు చెప్పండి సార్" అన్నాడు. డాక్టరు గారు నవ్వలేదు. ఆపిన చోటనుంచే చెప్పారు.

ఒకసారి అడిగాను. "నొప్పి ఎక్కడికి పోతుంది సార్?"

"ఎక్కడికి పోదు సిస్టర్. ఆడనే ఉంటది. మనిషిని జెర పక్కకు జరుపుతం, అంతే."

ఆ పక్కన ఏముంటుందో రోగే చెప్పాలన్నది ఆయన పద్ధతి. సముద్రం ఒడ్డు, పూలతోట, ఇలాంటివి తనంతట తాను ఎప్పుడూ చెప్పేవారు కాదు. "నీకు ఏడ మంచిగనిపిస్తది?" అని అడిగి, వాళ్ళు చెప్పింది పట్టుకుని, అందులోనే మళ్ళీ ప్రశ్నలు వేసుకుంటూ పోయేవారు. జవాబులు చెప్పుకుంటూ చెప్పుకుంటూ రోగి అక్కడికి వెళ్ళిపోయేవారు. నిద్ర కాదు. పిలిస్తే పలికేవారు, వేళ్ళు కదపమంటే కదిపేవారు. మాకు కావలసింది కూడా అదే.

ఇక ఆమె సంగతి.

ఆమెకు నలభై ఆరేళ్ళు. సీతాఫల్‌మండిలో మిర్చిబజ్జీ బండి. భర్త పోయి అప్పటికి ఏడాదిన్నర. బండి చక్రం కిందున్న రాయి జారి, మూకుడులో నూనె కుడిచేతి మీద పడింది. వేళ్ళనుంచి మోచెయ్యి దాకా కాలింది. చిటికెన వేలి మొదట్లో గాయం లోతుగా ఉంది. తోడుగా ఆమె ఆడబిడ్డ వచ్చింది. భర్తకు చెల్లెలు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే బండి మీద బతుకుతారు, రోజంతా పోట్లాడుకుంటారు.

మొదటి కట్టు విప్పే ముందు అందరికీ ఇచ్చే ఇంజెక్షనే ఆమెకూ ఇచ్చాం. నాలుగు నిమిషాల్లో ఊపిరి మందగించింది. పెదవుల రంగు మారింది. డాక్టరు గారు మాస్కు పెట్టి ఊపిరి అందించి ఆమెను గట్టెక్కించారు. చెమట తుడుచుకుంటూ, "ఈ మందు ఇంక ఈమెకు వద్దు సిస్టర్. ఎర్ర ఇంకుతో రాయండి," అన్నారు. రెండో కట్టు మామూలు నొప్పి మాత్రలతో చేశాం. నలభై ఒక్క నిమిషాలు పట్టింది. ఆమె అరుపులకు పక్క వార్డులో పిల్లలు ఏడ్చారు.

థియేటరుకు తీసుకెళ్ళి పూర్తిగా మత్తిచ్చి చెయ్యవచ్చు. కానీ రోజు మార్చి రోజు కట్టు. అన్నిసార్లు మత్తివ్వడం ఆ మనిషికి మంచిది కాదన్నారు డాక్టరు గారు. అదీగాక, కట్టు విప్పినప్పుడల్లా రోగి వేళ్ళు తనంతట తాను తెరిచి మూయాలి. మత్తులో ఉన్న మనిషి ఆ పని చెయ్యలేదు. చెయ్యకపోతే కొత్త తోలు బిగుసుకుని వేళ్ళు లోపలికి ముడుచుకుపోతాయి. ఆమె కుడిచెయ్యి అలా ముడుచుకుపోతే ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళకు తిండి లేనట్టే. ఇది ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు.

మూడో కట్టునాడు డాక్టరు గారు స్టూలు తెచ్చుకున్నారు.

నేను ముందు నా డైరీ తెరిచాను. "నొప్పి పదికి ఎంతమ్మా?"

"పదికంటె?"

"సున్నా అంటే అసలు లేనట్టు. పది అంటే ఓర్చుకోలేనంత. మధ్యలో ఎంతో చెప్పండి."

"పదారు."

"పదికే చెప్పాలమ్మా."

"నేను సదువుకోలేదమ్మా. మార్కులు నువ్వే ఏస్కో."

డాక్టరు గారు అడిగారు. "అక్కా, నీకు ఏడ మంచిగనిపిస్తది? గుడియా, ఊరా, యాడ?"

ఆమె ఆలోచించింది. "పొద్దుమూకె ముందల, బండి ఇంక తియ్యకముందు, పిండి కలుపుతాంటె మంచిగనిపిస్తది. అప్పుడు ఎవ్వరు నాతోని మాట్లాడరు."

"గంజు ఎంత పెద్దది?"

"గింత." ఎడమ చేత్తో గిన్నె కొలత చూపించింది.

"చెయ్యి పెట్టు పిండిల. ఎట్లుంది?"

"సల్లగుంది."

"సల్లగుందా? గట్టిగుందా, పల్చగుందా? నీళ్ళు పొయ్యాల్నా?"

"ఇంక జెరంత."

"పొయ్యి మరి. నువ్వే పొయ్యి."

ఆమె కళ్ళు వాటంతట అవే మూతలు పడ్డాయి. నేను కట్టు తడుపుతున్నాను, విప్పుతున్నాను. మధ్యలో మొహం ముడుచుకుంటే ఆయన, "ఉండ కట్టిందా? వేళ్ళతోని చిదుము," అనేవారు. ఆమె చిదిమేది. నాకు కావలసిన వ్యాయామం నా కళ్ళముందే జరిగిపోయేది. ముప్ఫై మూడు నిమిషాలు. అరుపు లేదు. చివర్లో, "మార్కులు?" అన్నాను. "ఆరెయ్యి," అంది.

ఎనిమిదో కట్టుకు ఇరవై నాలుగు నిమిషాలు, అంకె మూడు. వేళ్ళు దాదాపు పూర్తిగా తెరుచుకుంటున్నాయి.

ఈ ఆరు కట్లలోనూ నేను ఒక పని చేస్తూ వచ్చాను. డాక్టరు గారు అన్న మాటలన్నీ గుర్తుపెట్టుకుని, మధ్యాహ్నం టీ వేళకు ఒక నోటుబుక్కులో రాసేదాన్ని. ఆయన లేని రోజున ఎవరైనా చదవడానికి పనికొస్తుందని. మాది కృష్ణా జిల్లా వైపు. మా నాన్నగారు తెలుగు మేష్టారు. తప్పున్న వాక్యం కాగితం మీద చూస్తే నా చెయ్యి ఊరుకోదు. ఆయన మాటల్లో సగం తెలంగాణా, పావు ఉర్దూ, పావు ఇంగ్లీషు. అదంతా దిద్దాను. ఒకే మాట రెండుసార్లు వస్తే ఒకటి కొట్టేశాను. ప్రశ్నలు అనవసరంగా తోచాయి, వాటిని వాక్యాలు చేశాను. "నువ్వు"ను "మీరు" చేశాను. క్రమం సరిగా లేదనిపించి, చేతినుంచి మోచెయ్యి, మోచేతినుంచి భుజం, అలా ఒక వరస పెట్టాను. నాలుగు పేజీలు వచ్చింది. కొట్టివేత ఒక్కటి లేకుండా సాపు చేశాను. నా దస్తూరి మంచిదని అందరూ అనేవారు.

తొమ్మిదో కట్టు మంగళవారం. పది గంటలకు మొదలవ్వాలి. పైకట్టు తీసేసి, చెయ్యి సెలైను గిన్నెలో పెట్టాం. పదీ ఐదుకు థియేటరు నుంచి డాక్టరు గారి ఫోను.

"సిస్టర్, ఇక్కడ అర్జెంట్ కేసు. నాకు గంటన్నర పడ్తది. ఆగితే మంచిగుంటది."

ఆ రోజు నా జాబితాలో ఇంకా ఆరు కట్లు ఉన్నాయి. పైకట్టు తీసిన చెయ్యి అలా వదిలి ఇంకో కట్టు మొదలుపెట్టలేను. గంటన్నర ఆగితే ఆఖరిది సాయంత్రానికి గానీ కాదు. "మీ మాటలన్నీ రాసుకున్నాను సార్. నేను చెయ్యగలను," అన్నాను.

"రాసుకున్నరా?" అన్నారాయన. ఇంకేదో అనబోయారు. అంతలో అవతల ఎవరో పిలిచారు. ఫోను పెట్టేశారు.

ఆగితే మంచిగుంటది అన్నారు. ఆగమని అనలేదు. ఆ తేడాను నేను నాకు అనుకూలంగా వాడుకున్నాను. ముప్ఫై ఏళ్ళు ఆర్డర్లు చదివినదాన్ని. ఆయన చెప్పింది ఏమిటో నాకు తెలియక కాదు.

నోటుబుక్కు స్టాండు మీద పెట్టుకున్నాను. ఆమె నావైపు చూసింది.

"సారు రాడా?"

"ఇవాళ నేనే చెబుతానమ్మా. కళ్ళు మూసుకోండి."

"నీకొస్తదా?"

"వస్తుంది."

చదివాను. నిదానంగా, స్పష్టంగా. "మీ చెయ్యి పిండిలో ఉంది. మీ చెయ్యి నెమ్మదిగా చల్లబడుతోంది." ఆమె కళ్ళు మూసుకునే ఉంది. పాత అలవాటు మీద తేలిగ్గానే లోపలికి వెళ్ళింది. నేను పట్టకారుతో వేళ్ళ మధ్య గాజుగుడ్డ తీస్తూ, పక్కకు చూసి చదువుతున్నాను. "మోచెయ్యి చల్లబడుతోంది. భుజం చల్లబడుతోంది. ఛాతీ చల్లబడుతోంది. ఊపిరి నెమ్మదిస్తోంది."

ఆమె ఊపిరి ఆగడం ముందు చూసింది ఆయమ్మ. "సిస్టరమ్మా!" అంది. నేను తలెత్తేలోపల మంచం మీదున్న ఆమె కేక వేసింది. ఆ గదిలో నేను చాలా కేకలు విన్నాను. ఇది నొప్పి కేక కాదు.

"ఒద్దు! సల్లబడొద్దు! పట్టుకోండ్రి, పట్టుకోండ్రి!"

లేచి కూర్చుని చెయ్యి లాక్కుంది. గాజుగుడ్డ ఇంకా చిటికెన వేలి మొదట్లో అతుక్కుని ఉంది. కొత్తగా పట్టిన తోలు దానితో పాటు వచ్చేసింది. గిన్నెలో నీళ్ళు ఎర్రబడ్డాయి. ఆమె నన్ను చూస్తోంది గానీ నేను ఎవరో ఆమెకు తెలియడం లేదు. రెండు నిమిషాల తరవాత తెలిసింది. అప్పుడు, "నన్ను సంపుదామనుకున్నవా?" అని మెల్లగా అడిగి, చెయ్యి గుండెకు అదుముకుంది.

సర్జన్ వచ్చి రక్తం ఆపి ఎలాగో పైపైన కట్టు కట్టారు. నా డైరీలో ఆ రోజు మొదలైన సమయం ఉంది. మిగిలిన రెండు గళ్ళూ ఖాళీ. పదకొండేళ్ళలో అవి తప్ప వేరే ఖాళీ లేదు.

గురువారం పదో కట్టు. చెయ్యి ఇవ్వలేదు. చీరకొంగు చుట్టుకుని, పిడికిలి బిగించి, గోడవైపు తిరిగి పడుకుంది. డాక్టరు గారు వెళ్ళి స్టూలు వేసుకుంటే, "సారూ, నీ మాటలొద్దు, ఆమె మాటలొద్దు. నేను ఇంటికి పోత. కాయిదం తే, ఏలుముద్రేస్త," అంది. శుక్రవారం జ్వరం వచ్చింది. సర్జన్ ఆమె మంచం దగ్గరే చెప్పారు. ఇంకో వారం పిడికిలి ఇలాగే ఉంటే వేళ్ళు ఇలాగే ఉండిపోతాయి, తరవాత ఆపరేషన్ చేసినా పూర్తిగా రావు. ఆమె వింది. పిడికిలి వదలలేదు.

ఆ సాయంత్రం వార్డు బయట ఆడబిడ్డ నన్ను పట్టుకుంది.

"ఏమన్నవమ్మా మా వదినెను?"

"ఏమీ అనలేదమ్మా. రోజూ డాక్టరు గారు చెప్పేదే..."

"సారు గట్లనలే. ఆయమ్మ జెప్పింది నాకు. సల్లబడ్తుంది, సల్లబడ్తుంది అన్నవట. శెయ్యి సల్లబడ్డది, రొమ్ము సల్లబడ్డది అన్నవట. మా అన్న ఎట్ల పోయిండో నీకు ఎరుకనా?"

ఎరుక లేదు. ఆమె చెప్పింది. అన్నను ఆటోలో వేసుకుని ఆసుపత్రికి బయలుదేరారట. రైల్వే గేటు దగ్గర ట్రాఫిక్కులో ఆటో ఇరుక్కుపోయింది. ఆయన చెయ్యి భార్య చేతిలో ఉంది. కాళ్ళు పట్టుకుని కూర్చున్నది ఈ చెల్లెలు. "నేనే అన్న గామాట. వదినె, కాళ్ళు సల్లబడుతున్నయ్ అన్న. ఆమె శెయ్యి రుద్దుకుంట, శెయ్యి సుత సల్లబడుతున్నదే అన్నది. ఇగ మేమిద్దరం గదే మాట అనుకుంట కూసున్నం. దవాఖాన వచ్చెటాల్లకు రొమ్ము సుత సల్లబడ్డది. అప్పటిసంది మా ఇంట్ల గామాట ఎవ్వరం అనం. చాయ్ సల్లారిందంటం గని, సల్లబడ్డదనం."

ఇది వాళ్ళ మాట, మా వైపు మాట కాదు, అందుకే నాకు తెలియలేదు అని మీతో చెప్పగలిగితే బాగుండేది. కానీ మా వైపూ అదే మాట. మా అమ్మ పోయినప్పుడు మా పెద్దక్క పాదాలు ముట్టుకుని నాతో అన్నది ఆ మాటే. ఎన్నో మంచాల పక్కన నిలబడి నేనే బంధువులతో ఆ మాట అన్నాను. అంత తెలిసిన మాటను, మనిషికి దాదాపు మత్తిచ్చినట్టు చేసి, ఒక్కొక్క అవయవం పేరు చెప్పి, వరసగా చదివాను. చదువుతున్నంతసేపూ నాకు వినిపించింది నా ఉచ్చారణ ఒక్కటే.

డాక్టరు గారికి నోటుబుక్కు ఇచ్చాను. ఆయన నాలుగు పేజీలూ చదివారు. తిడతారనుకున్నాను. తిడితే తేలిగ్గా ఉండేది.

"నా తెలుగు దిద్దిన్రు సిస్టర్."

"అవును సార్."

"తప్పులుంటె దిద్దండి. ఒప్పులు సుత దిద్దిన్రు." ఒక వాక్యం మీద వేలు పెట్టారు. "సల్లగుంది అని నేను అనలే. ఆమె అన్నది. ఆమె అన్నదే నేను మళ్ళ అన్న. ఈ బుక్కుల ఆమె ఏది?"

వెతికాను. నాలుగు పేజీల్లో ఆమె జవాబు చెప్పడానికి ఒక్క చోటు కూడా లేదు.

నర్సింగ్ సూపరింటెండెంటుకు జరిగింది జరిగినట్టు ఒక పేజీ రాసి ఇచ్చాను. ఆమె చదివి, "ఇంత వివరంగా రాయకపోయినా సరిపోయేది," అంది. తీసి ఫైలులో పెట్టింది. దానివల్ల నాకు ఏమీ కాలేదు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి, డ్యూటీకి ముందే, వార్డులో బజ్జీల ఆమె మంచం దగ్గరికి వెళ్ళాను. చేతిలో పుస్తకం, ట్రే, ఏమీ లేవు. ఆడబిడ్డ బ్రష్షు పట్టుకుని అటు వెళ్ళింది.

"నేను అనకూడని మాట అన్నాను. మీ ఆయన సంగతి నాకు తెలియదు. తెలియకపోయినా అనకూడదు. తప్పు నాది," అన్నాను.

గోడవైపు నుంచే జవాబు వచ్చింది. "అయిపాయె గద. పో ఇగ."

"చెయ్యి మాత్రం ఇవ్వండి. నేను ముట్టుకోను. వేరే సిస్టరు కడుతుంది."

ఆమె కొంగును చేతికి ఇంకా బిగించుకుంది. లేచి వచ్చేయడమే మర్యాద. రాలేదు. ఆరు నిమిషాలు ఊరికే కూర్చున్నాను. ఆమె విసుగ్గా ఇటు తిరిగింది.

"నీకు ఒంట చేసుడు వస్తదా?"

"వస్తుంది."

"బజ్జీల పిండి ఎట్ల కలుపుతవ్?"

"రెండు గ్లాసుల శనగపిండికి గ్లాసున్నర నీళ్ళు. అర చెంచా వాము, చెంచా ఉప్పు, చిటికెడు సోడా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. జ్వరం కళ్ళు. "గ్లాసుతోని కొలుస్తవా?"

"కొలుస్తాను."

"బజ్జీలు గట్టిగైతయా?"

"అప్పుడప్పుడూ."

"కావా మరి! రోజు పిండి రోజుకు ఒక తీరుగుంటది. వానొస్తె ఒక తీరు, ఎండకొడ్తె ఒక తీరు. నీళ్ళు ఎన్ని అని పిండిని అడగాలె. నీ గ్లాసునడిగితె అదేం జెప్తది?" ఆడబిడ్డ వచ్చింది. ఆమెతో అంది. "ఏయ్, ఇగో ఇన్నవా, ఈమె పిండి గ్లాసుతోని కొలుస్తదట."

"గందుకే గింత బక్కగున్నది," అంది ఆడబిడ్డ.

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను. "ఎలా అడగాలో చూపించండి," అన్నాను.

ఎడమ చేత్తో గాలిలో చూపించబోయింది. ఎడమచేతికి ఆ పని రాదు. మధ్యలో ఆపేసింది. కొంగులో చుట్టిన కుడిచేతి వైపు చూసుకుంది.

"కట్ల గదిలో గిన్నె ఉంది, గోరువెచ్చని నీళ్ళున్నాయి," అన్నాను. "పిండి లేదు."

"పిండి ఉన్నట్టే అనుకోవాలె, అంతేగద మీ సారు కత," అని కాళ్ళు కిందికి దించింది.

ఎనిమిదీ నలభైకి మొదలుపెట్టాం. డాక్టరు గారు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు, లోపలికి రాలేదు. పై కట్టు తడిసి ఊడేదాకా ఆమె పళ్ళు బిగపట్టి కూర్చుంది. ఆ తరవాత చెప్పడం మొదలుపెట్టింది. నేను ఒక్క వాక్యం కూడా సొంతంగా అనలేదు. ఆమె అన్నదే తిరిగి అడిగాను.

"ముందుగాల పొడిపిండి వేళ్ళతోని లేపాలె. గాలి వోవాలె."

"గాలి పోవాలా?"

"వోవాలె. గిట్ల." వేళ్ళు కదిలాయి. మూడు వేళ్ళు. నీళ్ళు కొంచెం ఎర్రబడ్డాయి. ఆమె మొహంలో నొప్పి స్పష్టంగా కనిపిస్తోంది. కళ్ళు మూసుకుంది. "ఓమ నలిసి ఎయ్యాలె."

"వాము నలిచి వెయ్యండి."

బొటనవేలూ చూపుడువేలూ ఒకదానితో ఒకటి రాసుకున్నాయి. నేను పట్టకారుతో గాజుగుడ్డ మిల్లీమీటరు మిల్లీమీటరుగా తీస్తున్నాను. ఎప్పుడు ఆగాలో ఆమె వేళ్ళే చెబుతున్నాయి. అవి ఆగినప్పుడు నేనూ ఆగాను. ఒకచోట ఆమె ఏమీ మాట్లాడకుండా ఐదు నిమిషాలు కలిపింది. అప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. అడగలేదు.

యాభై రెండు నిమిషాలు పట్టింది. నా గదిలో అదే ఎక్కువ. అంకె అడిగితే, "ఎనిమిదెయ్యి. తక్కువెయ్యకు," అంది. బయటికి వెళ్తూ ఆయమ్మతో, "ఈమెకు ఇంక రాలే. మల్ల జెప్పాలె," అంది.

తరవాత తొమ్మిది కట్లూ నేనే కట్టాను. డాక్టరు గారిని రమ్మంటే, "నాకంటె మిమ్మల్నె మంచిగ తిడుతుంది. తిట్టనియ్యండి, వేళ్ళు కదులుతున్నయ్," అన్నారు. రోజూ పిండి పాఠమే. బజ్జీల తరవాత గారెలు, గారెల తరవాత సకినాలు. అంకె ఎనిమిది నుంచి నాలుగుకు వచ్చింది. మూడుకు మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

పంతొమ్మిదో కట్టు తరవాత ఇంటికి పంపారు. నాలుగు వేళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. చిటికెన వేలు తెరుచుకోలేదు. కొక్కెంలా లోపలికి వంగి ఉంది.

సర్జన్‌ను అడిగాను. మొదటి రోజే అక్కడ గాయం లోతుగా ఉంది కదా, ఎలాగైనా వంగి ఉండేదేమో అన్నారు. మంగళవారం చిరగకపోతే వంగేది కాదేమో అని నేనన్నాను. అదీ కావచ్చు, చెప్పలేం అన్నారు. ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. నా జీవితంలో లెక్క తేలనివి చాలా తక్కువ. ఇది వాటిలో ఒకటి.

రెండు నెలల తరవాత ఒక బుధవారం ఆమె ఓపీకి వచ్చింది. బండి మళ్ళీ తీస్తోందట. చిటికెన వేలు మూకుడు అంచుకు తగులుతోందని దానికి గుడ్డ చుట్టుకుంది. వ్యాయామం నేర్పే అమ్మాయి ఆ రోజు సెలవు. వేలిని పట్టుకుని మెల్లగా నిటారుగా లాగి, పది అంకెలు లెక్కపెట్టి వదలాలి. అలా ఇరవై సార్లు. నేను చేస్తానన్నాను. బెంచీ మీద పక్కన కూర్చుని, గుడ్డ విప్పుతూ, చెప్పాలనుకున్నది చెప్పేశాను.

"ఈ వేలు ఇలా అవడం నావల్లే అయ్యుండొచ్చు. ఆ రోజు చిరిగింది ఇక్కడే."

ఆమె వేలి వంక చూసుకుంది. నేను ఏం ఆశించానో నాకు తెలుసు. అలా అనకమ్మా అంటుందని.

"అయ్యుండొచ్చు," అంది. "నాకు సుత గట్లనే అనిపిస్తది."

వరండాలో జనం అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆమె చెయ్యి తీసి నా ఒళ్ళో పెట్టింది. నేను వేలు పట్టుకుని లాగాను. ఆమె పెదవి కొరుక్కుంది. అలవాటు మీద నోరు తెరిచాను, నొప్పిగా ఉందా అనో, ఇంకేదో అనడానికి.

"నువ్వేం మాట్లాడకు," అంది. "లాగు."

లాగాను. పది లెక్కపెట్టి వదిలాను. ఇరవై సార్లూ లోపలే లెక్కపెట్టుకున్నాను.